ఊక దిమ్మల మిషను స్క్రూకి లేజర్‌తో కార్బైడ్ ఉక్కు: గుణుపురం ప్రాజెక్టు డైరీ

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో ఊకకి కొరత లేదు. వంద కిలోల వడ్లు ఆడిస్తే ఇంచుమించు ఇరవై కిలోల ఊక వస్తుంది. దాన్ని స్క్రూ ప్రెస్సులో వేసి, మధ్యలో బొక్క ఉన్న గట్టి దిమ్మలుగా నొక్కితే బాయిలర్లకీ ఇటుక బట్టీలకీ కట్టెలకి బదులు పనికొస్తాయి. మిషను పెట్టినవాళ్లు కొన్నాళ్లకే ఆపేయడానికి కారణం మాత్రం ఎక్కడైనా ఒకటే: స్క్రూ అరిగిపోతుంది. ఊకని కాలిస్తే అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. దాన్ని 300 డిగ్రీల వేడి దగ్గర, విపరీతమైన ఒత్తిడితో ఒక ఉక్కు రెక్క నెట్టుకుంటూ పోవాలి. అరగక ఏం చేస్తుంది?

ఆ రెక్క మీద లేజర్‌తో ఉక్కు పొడినీ కార్బైడ్ (కార్బన్‌తో కూడిన చాలా గట్టి పదార్థం) రేణువులనీ కలిపి పొరలు పొరలుగా కట్టి, ఎక్కువ కాలం నిలబడే స్క్రూ చేయడం ఈ ప్రాజెక్టు. కోత, పాలిషింగ్, పరీక్షలు గుణుపురం షెడ్డులో. లేజర్ పని విశాఖలో గంటల లెక్కన అద్దెకి తీసుకున్న మిషను మీద: 2 కిలోవాట్ల ఫైబర్ లేజర్, నాలుగు రంధ్రాల నాజిల్, పొడి నింపే రెండు హాపర్లు, స్క్రూని పట్టుకుని తిప్పే చక్.

1వ వారం: అరిగిన స్క్రూ ఏం చెబుతోంది

మూడు పాత స్క్రూలు తెచ్చాం. మూడింటిలోనూ అరుగుదల ఒకే చోట. బారెల్ మొదట్లో ఊక వదులుగా ఉండే దగ్గర రెక్కకి దాదాపు ఏమీ కాలేదు. కొన దగ్గర చివరి రెండు చుట్లు మాత్రం వాడేసిన సబ్బు ముక్కలా గుండ్రబడిపోయాయి. ఊక పూర్తిగా నలిగి గట్టిపడేది అక్కడే. కాబట్టి స్క్రూ అంతా కప్పక్కర్లేదు, ఆ చివరి చుట్ల ముందు ముఖం, పై అంచు చాలు.

భూతద్దం కింద ముందు ముఖం అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపులో ఊక నడిచిన దారి వెంట సన్నటి గీతలు, వెంట్రుక కన్నా సన్నవి. పెద్ద పెద్ద గాట్లు ఎక్కడా లేవు. రెండు స్క్రూల మీద ఇంతకుముందు హార్డ్ ఫేసింగ్ రాడ్డు (గట్టి పూత వేసే వెల్డింగ్ రాడ్డు) కొట్టి ఉంది. కార్బైడ్ గడ్డలు పైకి తేలి కనిపిస్తున్నాయి, వాటి చుట్టూ ఉక్కు గుంటలు పడింది. కొన్ని చోట్ల గడ్డ ఊడిపోయి బొక్క మిగిలింది. "రాయి అరగదు బాబూ, రాయి చుట్టూ మట్టి పోతాది, అప్పుడు రాయే రాలిపోతాది" అన్నారు ఒక మిల్లు మేస్త్రీ. ఈ ప్రాజెక్టులో ప్రతి నిర్ణయానికీ తిరిగి తిరిగి ఆ మాట దగ్గరికే వచ్చాం.

ఇక్కడ ఒక సంగతి విడిగా చెప్పాలి. ఊకలోని సిలికా ఒపాల్ జాతిది. స్ఫటికం కట్టనిది, గట్టిదనం మోస్ కొలతలో 5.5 నుంచి 6.5. గట్టిపరిచిన ఉక్కు దానికి బాగానే తట్టుకుంటుంది. అసలు శత్రువు ఊకతో కలిసొచ్చే ఇసుక, అంటే క్వార్ట్జ్. దాని గట్టిదనం సుమారు 1100 హెచ్‌వి (వికర్స్ కొలత). వడ్లు తారురోడ్డు మీదా మట్టి కళ్లంలోనూ ఆరబోసిన కాలంలో ఊక జల్లిస్తే అడుగున మిగిలేది అదే. కాబట్టి లేజర్ సంగతి తర్వాత, ముందు మిషను నోటి దగ్గర జల్లెడ పెట్టాలి. జల్లెడ లేని మిల్లుకి ఈ స్క్రూ ఇవ్వకూడదని మొదటి వారమే రాసుకున్నాం.

2వ వారం: ఏ ఉక్కు, ఏ రేణువు

పొడిని పరిచి పొర తర్వాత పొర కరిగించే పౌడర్ బెడ్ పద్ధతి గురించి ఎక్కువసేపు ఆలోచించలేదు. ఉన్న స్క్రూ మీద చివరి చుట్లు మాత్రమే కట్టాలి, బెడ్‌లో మొత్తం స్క్రూని కొత్తగా అచ్చేయాలి. నాజిల్ నుంచి పొడి ఊదుతూ కరిగించే పద్ధతే దీనికి సరి.

ఉక్కుగా 316ఎల్ స్టెయిన్‌లెస్ వేస్తే పగుళ్ల బాధ తక్కువ. కానీ అది 200 హెచ్‌వి చుట్టుపక్కల ఉండే మెత్తటి ఉక్కు. మేస్త్రీ చెప్పిన "మట్టి" అదే అవుతుంది. 420 స్టెయిన్‌లెస్ తీసుకున్నాం: క్రోమియం 12 నుంచి 14 శాతం, చల్లారగానే మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారి 550 హెచ్‌వి దాటుతుంది. 300 డిగ్రీల్లో రోజంతా నడిచినా పెద్దగా మెత్తబడదు. వేడికి సాగే గుణంలోనూ కార్బైడ్‌కి 316ఎల్ కన్నా దగ్గర. డిగ్రీకి మీటరుకి 316ఎల్ సుమారు 16 మైక్రాన్లు సాగితే, 420 పది చిల్లర, టైటానియం కార్బైడ్ 7.4. ఆ తేడా ఎంత తక్కువైతే రేణువు చుట్టూ అంత తక్కువ లాగుడు.

రేణువు దగ్గర అసలు చర్చ నడిచింది. సిలికాన్ కార్బైడ్ చవక, కానీ కరిగిన ఇనుములో నిలవదు. విడిపోయి పెళుసు సిలిసైడ్లు కడుతుంది. అల్యూమినాని కరిగిన ఉక్కు తడపదు. తామరాకు మీద నీటిబొట్టు మాదిరి దూరంగా ఉంటుంది, పట్టు దొరకదు. మిగిలినవి టంగ్‌స్టన్ కార్బైడ్, టైటానియం కార్బైడ్.

కొలతల్లో తప్పు దొర్లేది ఇక్కడే. పొడులు తూకంతో కొంటాం, అరుగుదలని అడ్డుకునేది మాత్రం ఘనపరిమాణం. టంగ్‌స్టన్ కార్బైడ్ సాంద్రత 15.6, టైటానియం కార్బైడ్ 4.93, మన ఉక్కు 7.75. ఘనపరిమాణంలో 15 శాతం రేణువులు కావాలంటే టైటానియం కార్బైడ్ తూకంలో 10 శాతం చాలు, టంగ్‌స్టన్ కార్బైడ్ అయితే 26 శాతం పోయాలి. "రెండూ పది పది శాతం వేసి పోల్చాం" అని ఎవరైనా అంటే ఆ పోలికని పక్కన పెట్టేయొచ్చు.

రెండూ ఘనపరిమాణంలో 15 శాతంతోనే మొదలుపెట్టాం. 420 పొడి 53 నుంచి 150 మైక్రాన్లు, గుండ్రటిది. రేణువులు 45 నుంచి 106 మైక్రాన్లు.

3వ వారం: హాపర్ల దగ్గరే సగం పని

పొడులు ముందే కలిపి ఒకే హాపర్లో పోసి చూశాం. పది నిమిషాల్లోనే తేలిపోయింది. అదురుకి బరువైనది కిందికీ తేలికైనది పైకీ విడిపోతున్నాయి. మొదటి ట్రాక్‌లో (లేజర్ ఒకసారి కరిగిస్తూ వేసిన గీతలో) ఉన్న కార్బైడ్ పాలు చివరి ట్రాక్‌లో లేదు. అందుకే ఉక్కుకి ఒకటి, కార్బైడ్‌కి ఒకటి.

వానాకాలం కావడంతో పొడి ఆరబెట్టడం తప్పనిసరి అయింది. 100 డిగ్రీల దగ్గర వాక్యూమ్ ఓవెన్‌లో 3 గంటలు. తీసిన పొడి వేడి చల్లారేదాకా మూత తియ్యకూడదు, తీస్తే అక్కడి గాలిలో తేమంతా అదే తాగేస్తుంది. తేమ ఉన్న పొడి ముందు హాపర్లో పొడిని బయటికి పంపే డిస్క్ గాడిలో ముద్ద కడుతుంది, తర్వాత ట్రాక్‌లో గుల్లలై తేలుతుంది.

తేమ మరో దారిలో కూడా దెబ్బతీస్తుంది. లేజర్ హెడ్‌ని చల్లబరచడానికి చిల్లర్ యంత్రం నుంచి వెళ్లే నీరు 22 డిగ్రీల దగ్గర ఉంటే, విశాఖ జూలై గాలికి లెన్సు మీద మంచు పడుతుంది. ఆ మంచు మీద లేజర్ వెలిగితే లెన్సు పోయినట్టే. హెడ్ నీటిని 29 డిగ్రీలకి పెట్టి, గదిలో ఏసీ గంట ముందే వేసి ఉంచాం.

హాపర్ డిస్క్ వేగం మీద రాసి ఉన్న అంకెని నమ్మకూడదు. నాజిల్ కింద డబ్బా పెట్టి సరిగ్గా ఒక నిమిషం పట్టి తూచాలి, మూడుసార్లు. మూడు తూకాల మధ్య తేడా 3 శాతం దాటితే ఎక్కడో అడ్డుపడుతున్నట్టు. టైటానియం కార్బైడ్ రేణువులు కోణాలుగా, మూలలు తేలి ఉంటాయి. గుండ్రటి ఉక్కులా జారవు. దాని హాపర్ గొట్టంలో వంపులు తగ్గించి, గొట్టాన్ని పై నుంచి నిటారుగా దింపాక గానీ తూకం నిలబడలేదు.

4వ వారం: ఒంటి ట్రాకులు, టంగ్‌స్టన్ కథ

ఈఎన్8 రకం ఉక్కు పలకలు, 100 × 50 × 12 మి.మీ. గ్రైండ్ చేసి అసిటోన్‌తో తుడిచినవి. లేజర్ మచ్చ వ్యాసం 3 మి.మీ., మొత్తం పొడి నిమిషానికి 12 గ్రాములు, నాజిల్ ఎత్తు 13 మి.మీ. ఆర్గాన్ 99.999, పొడి మోయడానికి హాపర్‌కి నిమిషానికి 4 లీటర్లు, పైన కవచంగా 15 లీటర్లు. పవర్ 1000, 1200, 1400, 1600 వాట్లు; వేగం సెకనుకి 6, 8, 10, 12 మి.మీ. పదహారు ట్రాకులు టంగ్‌స్టన్‌తో, పదహారు టైటానియంతో.

టంగ్‌స్టన్ ట్రాకులు పైకి చూడ ముచ్చటగా ఉన్నాయి. నున్నగా, మెరుస్తూ. అడ్డంగా కోసి చూస్తే రేణువులన్నీ అడుగున పేరుకున్నాయి. ఉక్కుకి రెట్టింపు బరువున్నవి కరిగిన మడుగులో మునగక ఏం చేస్తాయి? మడుగు చల్లారడానికి పట్టేది సెకనులో చిన్న భాగమే, ఆ కాస్తలోనే మునిగాయి. పై అర మిల్లీమీటరులో రేణువన్నదే లేని చోట్లు ఉన్నాయి. మిల్లులో ముందు అరిగేది ఆ భాగమే.

ఇంకా పెద్ద ఇబ్బంది మిగిలిన రేణువుల అంచుల్లో ఉంది. ప్రతి రేణువు చుట్టూ బూడిద రంగు కుచ్చు. టంగ్‌స్టన్ కార్బైడ్ కరిగిన ఇనుములో ఉప్పులా కరుగుతుంది. కరిగిన టంగ్‌స్టన్, కార్బన్ ఇనుముతో కలిసి చల్లారేటప్పుడు ఈటా కార్బైడ్ అవుతాయి, అది గట్టిదే గానీ గాజులా పెళుసు. మిగిలిన కార్బన్ ఉక్కులోకి చేరి మార్టెన్‌సైట్ మొదలయ్యే వేడిని కిందికి లాగుతుంది, కొంత ఆస్టెనైట్ (వేడిలో ఉక్కుకి ఉండే మెత్తటి రూపం) మారకుండా ఉండిపోతుంది. గట్టిపడాల్సిన ఉక్కు కొన్ని చోట్ల మెత్తగా, కొన్ని చోట్ల పెళుసుగా తయారైంది. 1400 వాట్లకి పైన వేసిన ట్రాకులన్నీ చల్లారేటప్పుడు టిక్ టిక్‌మని చప్పుడు చేశాయి. ఆ చప్పుడు విన్నాక డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి దిగి వాటిని చూపించే ఎర్ర రంగు) అక్కర్లేదు, అయినా వేశాం. ఎర్రటి గీతలు ట్రాక్‌కి అడ్డంగా, వరసగా.

ఖనుల పరికరాల మీద టంగ్‌స్టన్ కార్బైడ్ పూతల్ని ఎక్కువగా నికెల్ మిశ్రమంలో ఎందుకు వేస్తారో ఈ కోతలు చూస్తే అర్థమవుతుంది. ఉక్కులో వేయాలంటే పవర్ బాగా తగ్గించాలి, తగ్గిస్తే అడుగు పలకకి అతుకు చాలదు. టంగ్‌స్టన్‌ని ఇక్కడితో వదిలేశాం.

5, 6 వారాలు: టైటానియం కార్బైడ్

దీని ఇబ్బందులు వేరు. ట్రాక్ పైభాగం గరుకుగా, బెల్లం పాకంలో రవ్వ చల్లినట్టు ఉంటుంది. తేలిక కాబట్టి రేణువులు పైకి తేలుతాయి, కొన్ని సగం పైకి పొడుచుకుని నిలబడతాయి. పొరల మీద పొర వేసినప్పుడు ఇది మేలే చేసింది. పై పొర వేసేటప్పుడు కింది పొర పైభాగం మళ్లీ కరిగి, తేలిన రేణువులు మధ్యకి సర్దుకుంటాయి. చివరి పొర గరుకుదనం సానలో పోతుంది.

నష్టం మరో చోట కనిపించింది. తూకంలో 10 శాతం ఊదితే కోతలో అంత లేదు. ఉక్కు పొడి ఎగురుతూనే కొంత కరుగుతుంది, మడుగులో పడితే అతుక్కుంటుంది. కార్బైడ్ కరగని రాయి, మడుగు అంచున పడితే ఎగిరి అవతల పడుతుంది. కాబట్టి ఊదే పాలు వేరు, దక్కే పాలు వేరు. కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోప్ బొమ్మలో రేణువులు ఎంత జాగా ఆక్రమించాయో కొలిచి, ఆ లెక్కతో కార్బైడ్ హాపర్ వేగాన్ని సరిచేయాలి. పది బొమ్మలైనా తీయాలి. బాగున్న చోట ఒక్క బొమ్మ తీసి సంతోషపడితే లెక్క తప్పుతుంది.

మంచి కోతల్లో రేణువు నడుము కరగకుండా మిగిలింది. అంచుల నుంచి కాస్త కరిగి, చల్లారేటప్పుడు చుట్టూ ఉన్న ఉక్కులో సన్నటి పువ్వుల్లా, రెండు మూడు మైక్రాన్ల కొమ్మలుగా మళ్లీ పుట్టింది. టైటానియంకి కార్బన్ మీద ఉన్న పట్టు ఇనుముకి లేదు, చల్లారేలోపు దాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. అందుకే ఈటా లాంటి పెళుసు పొర ఇక్కడ రాదు.

ఒక పలకలో రేణువుల పక్కన బంగారు రంగు చుక్కలు మెరిశాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉన్నాయి, కానీ అవి అక్కడ ఉండకూడనివి. టైటానియం కార్బైడ్ బూడిద రంగులో ఉంటుంది, బంగారు రంగు టైటానియం నైట్రైడ్‌ది. అంటే మడుగులోకి గాలి చేరింది. వెతికితే ఉక్కు హాపర్ మూత రబ్బరు రింగు పగిలి ఉంది. రింగు మార్చాక బంగారం పోయింది. ఆర్గాన్ కవచం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి గుర్తు మరొకటి లేదు, మైక్రోస్కోప్ ముందు కూర్చున్నవాళ్లు దీనికోసం కళ్లు తెరిచి చూడాలి.

ఒంటి ట్రాకుల్లో 1400 వాట్లు, సెకనుకి 10 మి.మీ. నిలిచాయి. చదరపు మిల్లీమీటరుకి సుమారు 47 జౌల్స్ శక్తి. 1600 దగ్గర చిన్న రేణువులు పూర్తిగా కరిగిపోయి అన్నీ కొమ్మలే మిగిలాయి. 1000 దగ్గర ట్రాక్ అడుగున అతుకు లేని సందులు.

7వ వారం: ఎడం లెక్క

మేస్త్రీ మాట ఇప్పుడు అంకెల్లోకి వచ్చింది. రేణువుల మధ్య సగటు ఎడం (దూరం) ఎంతో చెప్పే సులువైన లెక్క ఒకటుంది. రేణువు వ్యాసాన్ని మూడింట రెండు వంతులతో గుణించి, దాన్ని ఉక్కు పాలుతో గుణించి, రేణువుల పాలుతో భాగించాలి. 75 మైక్రాన్ల రేణువులు ఘనపరిమాణంలో 15 శాతం ఉంటే ఎడం 283 మైక్రాన్లు. అరిగిన స్క్రూ ముఖం మీద మనం చూసిన గీతలు వెంట్రుక కన్నా సన్నవి, అంటే వంద మైక్రాన్ల లోపు. ఆ గీత గీసిన ఇసుక రవ్వకి 283 మైక్రాన్ల సందు రాచబాట. కార్బైడ్‌ని తాకకుండానే మధ్యలో ఉక్కుని తవ్వుకుంటూ పోతుంది, కొన్నాళ్లకి రేణువు వేళ్లు తేలి రాలిపోతుంది. హార్డ్ ఫేసింగ్ రాడ్డుకి జరిగింది సరిగ్గా ఇదే.

పరిష్కారం రేణువులు ఇంకా ఎక్కువ వేయడం కాదు. 25 శాతం వేసి చూస్తే మడుగు చిక్కబడి, ట్రాకులు గడ్డలు గడ్డలుగా వచ్చి, పక్క ట్రాక్‌తో కలిసే చోట సందులు మిగిలాయి. అదే 15 శాతాన్ని రెండుగా పంచాం: ముతకవి 10, సన్నవి 5. సన్నవి 3 నుంచి 5 మైక్రాన్లు. ముతక రేణువుల మధ్య ఉన్న ఉక్కులో సన్నవాటి ఎడం లెక్కకడితే దాదాపు 45 మైక్రాన్లు. సన్నవి మడుగులో చాలావరకు కరిగి కొమ్మలుగా మళ్లీ పుడతాయి కాబట్టి నిజమైన ఎడం అంతకన్నా తగ్గుతుంది. ముతకవి కోతని ఆపుతాయి, సన్నవి వాటి చుట్టూ ఉన్న మట్టిని కాపాడతాయి.

ఇబ్బంది ఏమిటంటే 4 మైక్రాన్ల పొడి హాపర్లో ప్రవహించదు, పిండిలా అతుక్కుంటుంది. దాన్ని 420 పొడిలోని గుండ్రటి ఉక్కు గోళీల ఒంటికి అంటించి పంపాలి. కిలో మిశ్రమానికి 420 పొడి 964 గ్రాములు, సన్న టైటానియం కార్బైడ్ 36 గ్రాములు. ఉక్కు డబ్బాలో సగం వరకు పోసి, 5 మి.మీ. ఉక్కు బంతులు పొడికి రెట్టింపు తూకంలో వేసి, ఆర్గాన్ నింపి రోలర్ల మీద నిమిషానికి 60 చుట్లతో 5 గంటలు తిప్పాం. మైక్రోస్కోప్ కింద గోళీలకి నువ్వులు అద్దిన అరిసెల్లా అంటుకుని కనిపించాలి. 10 గంటలు తిప్పిన రెండో డబ్బాలో గోళీలు నలిగి బిళ్లలయ్యాయి. పొడి ఎలా జారుతుందో చూసే హాల్ గరాటులో 50 గ్రాములు పోస్తే పొడి కదలనే లేదు. ఆ డబ్బా పక్కన పెట్టేశాం.

నిమిషానికి 12 గ్రాముల ధారలో ముతక కార్బైడ్ వాటా లెక్కకి 0.8 గ్రాములు. ఎగిరిపోయే పాలు కలుపుకుని 1 గ్రాముకి పెట్టాం. సన్నవి గోళీకి అంటుకుని వస్తాయి కాబట్టి ఎగిరిపోవు. సన్న కార్బైడ్ పొడి తెరిచే ప్రతిసారీ ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు, చేతి తొడుగులు ఉండాల్సిందే. ఆ సన్నదనంలో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిప్పు రవ్వ తగిలితే అంటుకుంటుంది కూడా.

8, 9 వారాలు: పొరలు, పగుళ్లు, ఊక బూడిద

ఇక పలకల మీద పరీక్షకి లోహపు దిమ్మలు కట్టాం: 20 మి.మీ. వెడల్పు, నాలుగు పొరలు. ట్రాక్ మీద ట్రాక్ 45 శాతం ఎక్కేలా, పొరకి నాజిల్ 0.7 మి.మీ. పైకి. చల్లటి పలక మీద వేసిన మొదటి దిమ్మ మూడో పొరలో పగిలింది. 250 డిగ్రీలకి వేడిచేసిన పలక మీద వేసింది వేసేటప్పుడు బాగుంది, రాత్రి గాలికి వదిలేస్తే తెల్లారేసరికి మూల దగ్గర పైకి లేచింది. మార్టెన్‌సైట్ మారేటప్పుడు ఉక్కు ఉబ్బుతుంది. మూలలు ముందే చల్లారి ముందే ఉబ్బి, మధ్య భాగం తర్వాత ఉబ్బితే లాగుడు ఎటు పోవాలి?

మందు మన దగ్గరే ఉంది. ఊక బూడిద వేడిని అంత తేలిగ్గా పోనివ్వదు. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన చల్లేది కూడా దీన్నే. రేకు డబ్బాలో అడుగున 15 సెం.మీ. పొడి బూడిద, వేడి దిమ్మ, పైన మళ్లీ 15 సెం.మీ. మర్నాడు మధ్యాహ్నం తీసినా గోరువెచ్చగా ఉంది. ఆ రోజే 250 డిగ్రీల దగ్గర 2 గంటలు టెంపర్ చేశాం, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేశాం. తర్వాత వేసిన దిమ్మల్లో పగులు లేదు. బాగా ఎక్కువ వేడిలో కాలిన తెల్ల బూడిదలో స్ఫటిక సిలికా ఉంటుంది కాబట్టి అది వద్దు, నల్ల బూడిదే మేలు. ఏదైనా మాస్కు తప్పదు.

కోతలు పాలిష్ చేసేవాళ్లకి ఒక మాట. సిలికాన్ కార్బైడ్ కాగితం మీద ఎక్కువసేపు రుద్దితే ఉక్కు తవ్వుకుపోయి రేణువులు గుట్టల్లా నిలబడతాయి, అంచులు నల్లగా కనబడి అతుకు లేదనిపిస్తుంది. 220 కాగితంతో చదును చేసి, వెంటనే 9, 3, 1 మైక్రాన్ల వజ్రపు పేస్టుకి వెళ్లాలి. గట్టిదనం కొలిచేటప్పుడు మిశ్రమానికి హెచ్‌వి10 (10 కిలోల బరువుతో నొక్కేది), రేణువుల మధ్య ఉక్కుకి హెచ్‌వి0.1 (100 గ్రాములతో) విడివిడిగా రాయాలి. హెచ్‌వి1 అచ్చు సగం రేణువు మీద, సగం ఉక్కు మీద పడి ఏ అర్థమూ లేని అంకె ఇస్తుంది.

10వ వారం: రాపిడి పరీక్ష

ఇసుక రాపిడి కొలిచే ఏఎస్‌టీఎం జి65 ప్రామాణిక పద్ధతి: 228.6 మి.మీ. రబ్బరు చక్రం, 130 న్యూటన్ల బరువు, నిమిషానికి 300 నుంచి 400 గ్రాముల ఇసుక ధార. గట్టి పూతలు కాబట్టి 6000 చుట్లు.

తగ్గిన తూకాన్ని అలాగే పోల్చకూడదు. 0.40 గ్రాములు తగ్గితే మామూలు 420లో అది 51.6 ఘనపు మి.మీ., మన మిశ్రమంలో సాంద్రత 7.33 కాబట్టి 54.6, టంగ్‌స్టన్ మిశ్రమంలో 44.8. తూకం ఒకటే, పోయిన లోహం వేరు. అందుకే ప్రతి దిమ్మ సాంద్రతనీ ముందు నీటిలో తూచి తెలుసుకున్నాం. అది లెక్కకి వచ్చిన సాంద్రత కన్నా బాగా తక్కువైతే లోపల గుల్లలున్నట్టు, ఆ దిమ్మని పరీక్షకి పంపలేదు.

పరీక్షైన మచ్చల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే, ముతకవి మాత్రమే ఉన్న దిమ్మలో ప్రతి రేణువు ముందూ చిన్న గుంట, వెనక తోక. రాలిపోయిన రేణువుల బొక్కలు అక్కడక్కడ. రెండూ కలిపిన దిమ్మలో ముఖం దాదాపు సమతలంగా అరిగింది, బొక్కలు అరుదు. అరిగిన ఘనపరిమాణం కూడా దీనిదే తక్కువ. హెచ్‌వి10 అంకెల్లో మాత్రం రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. గట్టిదనం ఒక్కటే చూసి ఎంచుకుని ఉంటే ముతకదాన్నే తీసుకునేవాళ్లం, దాని తయారీ సులువు కాబట్టి.

11, 12 వారాలు: స్క్రూ మీద

పలక వేరు, రెక్క వేరు. చివరి రెండు చుట్లలో అరిగిన భాగాన్ని 3 మి.మీ. లోతుకి సానపట్టి, పాత రాడ్డు ఆనవాలు లేకుండా తీశాం. రాడ్డు ముక్క మిగిలితే దాని కార్బన్ మడుగులో కలిసి అక్కడే పగులు మొదలవుతుంది. డై పెనిట్రెంట్ వేసి పాత పగుళ్లు లేవని చూసుకున్నాకే చక్‌కి ఎక్కించాం.

రెక్క పై అంచు దగ్గర వేడి పోవడానికి దారి లేదు. 1400 వాట్లతో అంచు మీదికి పోతే కొవ్వొత్తిలా కారింది. రెండు మార్పులు పనిచేశాయి. అంచుకి 1.5 మి.మీ. లోపల ఆగి, చివరి ట్రాక్ 1100 వాట్లతో వేయడం ఒకటి. రెక్క వెనక వంపుకి సరిపడేలా చెక్కిన రాగి దిమ్మ బిగించడం రెండోది. చుట్టుకీ చుట్టుకీ మధ్య రెక్క వేడి 300 డిగ్రీలు దాటకుండా థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) చూస్తూ ఆగాలి. ఇక్కడ తొందరపడితే చివరి పొరలో రేణువులు కరిగిపోతాయి.

సాన పట్టేటప్పుడు తెల్ల అల్యూమినా రాయి రెండు నిమిషాల్లో మొద్దుబారి మెరిసింది. అల్యూమినా కన్నా టైటానియం కార్బైడ్ గట్టిది, కాబట్టి రాయే అరిగింది. వజ్రపు చక్రం, ధారాళంగా కూలెంట్, పాస్‌కి 10 మైక్రాన్లు. దీనికి గంటలు పడుతుంది కాబట్టి లేజర్ దగ్గరే కొలత దగ్గరగా కట్టాలి, 0.3 మి.మీ. మించి సానకి మిగల్చకూడదు. మొదటి చుట్టుకి 0.8 మిగిల్చాం, ఒక రోజంతా పోయింది.

స్క్రూ ఇప్పుడు గుణుపురం దగ్గర ఒక మిల్లు మిషనులో ఉంది. ఊక తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉండాలని చెప్పాం. అంతకన్నా తడైతే బారెల్లో ఆవిరి కమ్మి దిమ్మ పేలినట్టు బయటికొస్తుంది, ఆ అదురుకి ఏ పూతా నిలవదు. ప్రతి ఎనిమిది గంటలకీ ఆపి, చివరి రెండు చుట్ల వ్యాసం మూడు చోట్ల కొలిచి గోడ మీద అతికించిన కాగితంలో రాస్తున్నారు. వచ్చే వారం రెక్క ముఖం మీద మైనపు అచ్చు తీసి, గుంటలు రేణువుల ముందు పడుతున్నాయా, మొత్తం ముఖం సమంగా దిగుతోందా చూడాలి. రెండో స్క్రూ పొడి కలిపి డబ్బాలో సిద్ధంగా ఉంది.